యాసిడ్‌కీ నీళ్లకీ ఒకే మందం

ముప్పై ఏళ్లకు పైగా నేను ట్యాంకుల లెక్కలు వేశాను. ఫ్యాక్టరీల్లో గుండ్రంగా, ఎత్తుగా నిలబడి ఉండే ఇనుప ట్యాంకులు మీరు చూసే ఉంటారు. వరస మీద వరసగా పలకలు అతికించి కట్టే వాటి గోడ ఎంత మందం ఉండాలి, కప్పు దేని మీద ఆనాలి, గాలివానకు కదలకుండా ఎన్ని బోల్టులు బిగించాలి, ఇవన్నీ తేల్చి కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో రాయబోవడం లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు వాటితో అవసరం లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అది ఎక్కడెక్కడ తిరిగిందో ఈ మధ్యనే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి స్థిమితం లేదు.

మొయిన్ సాబ్ దగ్గర

మా ఆఫీసు పంజాగుట్టలో, మెయిన్ రోడ్డు మీద బట్టల షాపు పైన మొదటి అంతస్తులో ఉండేది. కిటికీ తెరిస్తే హారన్ల మోత, మూస్తే ఉక్క. అక్కడ చీఫ్ ఇంజినీరు మొయినుద్దీన్ సాబ్. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబులో రెండు పెన్సిళ్లు. నేను చేరిన రోజు నా సర్టిఫికెట్లు పక్కకు నెట్టి ఒక డ్రాయింగు ముందు పెట్టారు.

"ఇది ట్యాంకు. కింది వరస పలక మందం ఎంత పెడ్తవ్?"

నేను గబగబా ఫార్ములా రాయబోయాను. ఆయన పెన్సిల్ పట్టుకుని ఆపేశారు.

"జర ఆగు మియా. అండ్ల ఏం పోస్తరో అడిగినవా?"

అడగలేదు. నాకది తట్టనే లేదు. నీళ్లకంటే డీజిల్ తేలిక. యాసిడ్ దాదాపు రెండింతలు బరువు. ఏది పోస్తే దాని బరువంతా కింది వరస మీద పడుతుంది. ట్యాంకు ఎప్పుడైనా పగిలితే అక్కడే పగులుతుంది. అందుకే అడుగున పలకలు మందంగా, పైకి పోయిన కొద్దీ పలచగా వేస్తాం. ఈ పనిలో అసలు సంగతి ఇంతే. మిగతాదంతా దీని చుట్టూ అల్లుకున్న వివరం.

మొయిన్ సాబ్‌కు ఒక పట్టుదల ఉండేది. లెక్క ఎన్ని పేజీలైనా కానీ, చివర కింది వరస ఒక్కటి చేత్తో మళ్లీ వేసి చూపించాలి. తెల్ల కాగితం మీద ఐదు లైన్లు. అది లేకుండా సంతకం పెట్టేవారు కాదు. మాకు విసుగొచ్చేది. ఆయన లేనప్పుడు నవ్వుకునేవాళ్లం కూడా.

చేరిన మూడో ఏడు నన్ను ఒక సైటుకు పంపారు. నా లెక్కతో కట్టిన మొట్టమొదటి పెద్ద ట్యాంకు అక్కడుంది. నిండా నీళ్లు పోసి పరీక్ష చేశారు. ఒక్క చుక్క కారలేదు. నేను గాల్లో తేలిపోతున్నాను. మధ్యాహ్నం నీళ్లు తోడెయ్యడం మొదలుపెట్టారు. నేను ముప్పై అడుగుల దూరంలో నిలబడి చాయ్ తాగుతున్నాను.

ముందు ఒక మూలుగు వినపడింది. పశువు మూలిగినట్టు. తలెత్తి చూశాను. నా కళ్లముందే ట్యాంకు నడుము లోపలికి పోయింది. పిల్లలు స్ట్రాతో పీల్చేసిన జ్యూస్ డబ్బా ఎట్లా నొక్కుకుపోతుందో, అట్లా. తర్వాత ఢామ్మని చప్పుడు. కప్పు ఒక పక్కకు ఒరిగింది. చేతిలో గ్లాసు ఎప్పుడు జారిందో నాకు తెలియదు.

పైన గాలి గొట్టానికి పెయింటర్లు ప్లాస్టిక్ కవర్ చుట్టి తాడుతో కట్టారట, లోపలికి దుమ్ము పోకుండా. కింద పంపు నీళ్లు లాగేస్తోంది, పైనుంచి గాలి రావడం లేదు. లోపలినుంచి అంత బరువు మోసిన గోడ, బయటి గాలి కొంచెం నొక్కేసరికి ముడుచుకుపోయింది. అదృష్టం, లోపల గానీ పైన గానీ ఎవరూ లేరు.

ఆఫీసుకొచ్చి నేను ఒకటే పాట. "సాబ్, నా లెక్కలో తప్పు లేదు. గాలి గొట్టం సైజు కూడా కరెక్టే వేసిన."

ఆయన అంతా విన్నారు. "నీ లెక్క రైటే బేటా. మరి గా కవర్ కట్టినోనికి నీ లెక్క సంగతి ఎవరు చెప్పిండ్రు?"

 ఆ రోజునుంచి మా డ్రాయింగులన్నిటి మీద గాలి గొట్టం పక్కన పెద్ద అక్షరాలతో 'మూయరాదు' అని రాయడం మొదలుపెట్టాం, తెలుగులోనూ హిందీలోనూ.

నా షీటు

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఆఫీసులో అందరికంటే ముందు ఎక్సెల్ నేర్చుకున్నది నేను. మూడు నెలలు కూర్చుని ట్యాంకు లెక్క మొత్తం ఒక షీటులో దింపాను. వ్యాసం, ఎత్తు, పోసే ద్రవం, దాని సాంద్రత టైపు చేస్తే చాలు, అన్ని వరసల మందాలూ టకటకా వచ్చేస్తాయి. రెండు రోజుల పని పది నిమిషాల్లో అయిపోయేది. ప్రతి పేజీ అడుగున నా పొడి అక్షరాలు పెట్టుకున్నాను, వి.ఎం. అని. గర్వం కాక మరేమిటి?

మొయిన్ సాబ్ అప్పుడు కూడా అడిగేవారు. "చేత్తో వేసినవా?"

"సాబ్, కంప్యూటర్ తప్పు చేస్తదా?" అన్నాను ఒకరోజు.

 అప్పటికే ఆయన కళ్లు మసకబారుతున్నాయి, రిటైర్‌మెంట్ దగ్గర పడింది. మెల్లగా అడగడం మానేశారు. నేను వెయ్యడం మానేశాను.

ఆ రోజుల్లోనే నగరం బయట ఒక కెమికల్ ఫ్యాక్టరీకి సల్ఫ్యూరిక్ యాసిడ్ ట్యాంకు లెక్క వేశాం. పది మీటర్ల ఎత్తు. నా షీటులో సాంద్రత ఒకటి పాయింట్ ఎనభై నాలుగు అని టైపు చేశాను. నీళ్లను ఒకటి అనుకుంటే యాసిడ్ బరువు అంతన్నమాట. మందాలు వచ్చాయి. ప్రింటు తీశాను. 'చేసినవారు' అన్నచోట నా సంతకం, 'పరిశీలించినవారు' అన్నచోట మొయిన్ సాబ్ సంతకం. ట్యాంకు కట్టారు. నీళ్లు పోసి పరీక్ష చేశారు, పాసైంది. మిఠాయి డబ్బా కూడా పంపారు మాకు.

కొన్ని వారాల తర్వాత ఆ ఫ్యాక్టరీ వాళ్లే పక్కన నీళ్ల ట్యాంకు కూడా అడిగారు. అదే వ్యాసం, అదే ఎత్తు. మధ్యాహ్నం ఒంటి గంటప్పుడు అదే ఫైలు తెరిచి, సాంద్రత దగ్గర ఒకటి అని కొట్టాను.

మందాలు మారలేదు.

షీటు ఆగిపోయిందేమో అనుకుని మళ్లీ కొట్టాను. మారలేదు. రెండు పెట్టాను. మూడు పెట్టాను. అంత బరువైన ద్రవం ఏ ఫ్యాక్టరీలోనూ పొయ్యరు. అయినా కింది వరస పలక అదే మందం.  షీటులో కనిపించకుండా దాచిన అడ్డు వరసలు తెరిచి చూశాను. షీటు తయారు చేసినప్పుడు డీజిల్ ట్యాంకుతో సరిచూసుకున్నాను. అప్పటి డీజిల్ సాంద్రత, సున్నా పాయింట్ ఎనభై అయిదు, ఒక దాచిన గడిలో అట్లాగే ఉండిపోయింది. మందం లెక్క దాన్నే తీసుకుంటోంది. మనం టైపు చేసే అంకె కాగితం మీద అచ్చవుతుందే తప్ప లెక్కలోకి పోవడమే లేదు. యాసిడ్ అని రాసి డీజిల్ ట్యాంకు కట్టించాను నేను. ఎంత తేలిక ద్రవమైనా కనీసం నీళ్ల పరీక్షకు తట్టుకునే మందం షీటు ఇచ్చేస్తుంది కాబట్టి పరీక్షలో నిలబడింది. ఆ పరీక్షలో తెలిసింది నీళ్లకు సరిపోతుందని మాత్రమే.

ఫోను తీసుకున్నాను. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. అటువైపు యాదగిరి, ఆ ఫ్యాక్టరీలో ట్యాంకుల సూపర్‌వైజర్.

"యాదగిరీ, యాసిడ్ ట్యాంకు మొదలుపెట్టిండ్రా?"

"నిన్నటిసంది పోస్తున్నం సార్. మస్తు నిలబడ్డది."

"లెవెల్ ఎంత?"

"ఐదు మీటర్లు దాటింది. ఇంకో రెండు ట్యాంకర్లు లైన్ల ఉన్నయ్."

పది మీటర్ల నీళ్లకు తట్టుకున్న గోడ అది. పదిని ఒకటి పాయింట్ ఎనభై నాలుగుతో భాగించండి. ఐదున్నర కూడా రాదు.

"ఆపు. వాల్వు మూయి. ఇప్పుడే."

"ఏమైంది సార్? మా మేనేజర్‌ని అడగాలె కదా."

"మేనేజర్‌తో నేను మాట్లాడ్త. ముందు ఆపు. ట్యాంకు దగ్గర ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నం సార్. ఎండ మస్తుగుంది కదా, గోడ నీడకు కూసోని పది మందిమి తింటున్నం."

 నేను వేసిన తప్పు గోడకు వీపు ఆనించి, ఆ మనిషి నాతో మాట్లాడుతున్నాడు. తల మీద ఐదు మీటర్ల యాసిడ్.

"యాదగిరీ, అన్నం అక్కడ్నే పెట్టి లెవ్వుండ్రి. అందరు. ట్యాంకు చుట్టున్న కట్ట గోడ దాటి అవతలికి పోండ్రి. నీ కాళ్లు పట్టుకుంట, ఎందుకని అడగకు."

అతను అడగలేదు. ఫోనులో పళ్లేలు కదిలిన చప్పుడు, "లెవ్వండ్రి, లెవ్వండ్రి" అన్న కేక వినపడ్డాయి. తర్వాత పరుగులు. కాసేపటికి ఆయాసంతో, "అందరం బయటికొచ్చినం సార్. వాల్వు సుత మూసిన," అన్నాడు. 

మొయిన్ సాబ్ గదిలోకి ప్రింటు పట్టుకుని పోయాను. చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఆ కాగితం మీద తన సంతకాన్ని చాలాసేపు చూశారు.

"ఐదు లైన్లు," అన్నారు. "ఐదు లైన్లు నేను అడగలె."

ఇద్దరం కారెక్కి ఫ్యాక్టరీకి పోయాం. దారిలో నేను, "కొత్త ట్యాంకు కాబట్టి కొన్నాళ్లు సగమే నింపమని చెప్తే సరిపోతది కదా సాబ్, కారణం చెప్పకపోయినా," అన్నాను. ఇది రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది. ఆయన నా వైపు తిరిగి చూసిన చూపు నేను మరిచిపోలేదు. మేనేజర్ ముందు కూర్చుని, ఏ గడిలో ఏ అంకె ఉండిపోయిందో అంతా ఆయనే చెప్పారు. నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. "మా ఆఫీసు తప్పు" అన్నారు.  మేనేజర్ నీళ్ల గ్లాసు ఎత్తి తాగకుండానే కింద పెట్టాడు.

యాసిడ్ తిరిగి ట్యాంకర్లలోకి తోడించారు. కింది వరసలు కోసి మందం పలకలు వేశారు. ఆ ఫ్యాక్టరీ మళ్లీ మాకు పని ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం. ఆ షీటుతో చేసిన పాత పనులన్నీ బయటికి తీసి, ఒక్కొక్కటీ చేత్తో వేశాను. మిగతావన్నీ తేలిక ద్రవాలు, నీళ్లు. ఒక్క కాస్టిక్ సోడా ట్యాంకు తప్పు. దాన్ని ఇంకా కట్టలేదు. గడి సరిదిద్ది కొత్త షీటు పెట్టాను. పాతది అందరి కంప్యూటర్లలోంచీ తీసేయించాను. కథ అయిపోయిందనుకున్నాను.

అమీర్‌పేటలో మూడో అంతస్తు

పోయిన నెల శ్రీనివాస్ గారు ఫోను చేశారు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. అమీర్‌పేటలో ట్యాంకుల డిజైన్ నేర్పే చిన్న ఇన్‌స్టిట్యూట్ నడుపుతారు. "సార్, మా పిల్లలకి మీ అనుభవాలు ఒక గంట చెప్పండి," అన్నారు. సరే అన్నాను. మెట్రో దిగి, పాంప్లెట్లు పంచేవాళ్లను తప్పించుకుంటూ మూడంతస్తులు ఎక్కేసరికి మోకాళ్లు పట్టేశాయి. గదిలో పాతికమంది. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లు కొందరు, ఉద్యోగం చేస్తూ పొద్దున క్లాసుకు వచ్చేవాళ్లు కొందరు.

"కూర్చోండి సార్, ఈ ఒక్క లెక్క చూపించేసి మీకు ఇచ్చేస్తాను," అంటూ ఆయన తెర మీద ఒక షీటు తెరిచారు. "ఇండస్ట్రీలో అందరూ వాడేది ఇదే."

పసుపు రంగు గడులు. ఎడమవైపు ట్యాంకు బొమ్మ. అది నేను గీసిందే. పేజీ అడుగున వి.ఎం.

మొదట సంతోషమే కలిగింది, అబద్ధం చెప్పను. తర్వాత గడుల రంగు చూశాను. నేను సరిదిద్దిన షీటులో గడులు ఆకుపచ్చ రంగు. తేడా తెలియాలని కావాలనే మార్చాను.

"శ్రీనివాస్ గారూ, సాంద్రత ఒకటి పాయింట్ ఎనభై నాలుగు పెట్టండి."

పెట్టారు.

"ఇప్పుడు ఒకటి పెట్టండి."

పెట్టారు.

"మూడు పెట్టండి."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు, కంప్యూటర్ ఆగిపోయిందనుకుని. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. శ్రీనివాస్ గారు మళ్లీ మళ్లీ కొడుతున్నారు. మందం కదలడం లేదు.

"ఏంటి సార్ ఇది?" అన్నారు నా వైపు తిరిగి. "నాలుగేళ్లుగా ఇదే చెబుతున్నానండీ. ప్రతి బ్యాచ్‌కీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి పంపుతున్నాను."

"మీకెక్కడిది?"

"నేను నేర్చుకున్నచోట ఇచ్చారండీ. వాళ్లకి ఎక్కడిదో."

మా ఆఫీసులోంచి ఎవరో ఉద్యోగం మారుతూ తీసుకుపోయి ఉంటారు. దొంగతనం అని కూడా అనలేను. మంచి షీటు అనుకుని దాచుకున్నారు. నేను తీసేయించింది మా గదిలోంచి మాత్రమే.

నిలబడ్డాను. "ఆ వి.ఎం. నేనే," అన్నాను. యాసిడ్ ట్యాంకు సంగతి మొత్తం చెప్పాను. నీడలో అన్నం తిన్న పదిమంది గురించి కూడా. 

మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. పేరు రేష్మా. బాలానగర్ వైపు ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో డిజైన్ చూస్తుందట. 

"సార్, మా దగ్గర గీ షీటుతోనే కాస్టిక్ ట్యాంకు చేసిన. నేనే చేసిన. పలకలు ఇయ్యాల రోలింగ్‌కు పోయినయ్."

నీళ్లకంటే ఒకటిన్నర రెట్లు బరువు కాస్టిక్. రోలింగ్ అంటే పలకలను గుండ్రంగా వంచడం.

"ఫోన్ చెయ్యమ్మా," అన్నాను.

ఆమె స్పీకర్ పెట్టి చేసింది. అటువైపు షాపు యజమాని. వెనక మిషన్ల మోత.

"భాయ్, రోలింగ్ ఆపుండ్రి. కింది వరస మందం తక్కువొచ్చింది."

"ఎవరు చెప్పిండ్రు? షీటుల ఓకే అన్నవ్ కద?"

"షీటు తప్పు భాయ్."

"మొన్న షీటు రైట్, ఇయ్యాల షీటు తప్పా? ఎట్ల నమ్మాలె?"

రేష్మా నా వైపు చూసింది. ఫోను తీసుకుని మాట్లాడేద్దామని చెయ్యి చాచాను. ఆమె ఇవ్వలేదు. "ఐదు నిమిషాలు లైన్లనే ఉండుండ్రి," అని యజమానికి చెప్పి బోర్డు దగ్గరికి పోయింది. మార్కర్ తీసుకుని వ్యాసం రాసింది. ఎత్తు రాసింది. సాంద్రత రాసింది. ఒక్కో అంకె రాస్తూ గట్టిగా ఫోనులోకి చదివింది. గుణించింది, భాగించింది, తుప్పుకు కలపాల్సింది కలిపింది. చివరి అంకె రాసి ఆగింది. వాళ్ల పలక అందులో మూడింట రెండొంతులే ఉంది.

 యజమాని పక్కకు తిరిగి ఎవరినో కేకేశాడు. "అరె బంద్ కరో! మిషన్ బంద్ కరో!"

మోత ఆగిపోయింది. రేష్మా బోర్డుకు ఆనుకుని నిలబడింది. కళ్లనిండా నీళ్లు. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ తమ తమ ల్యాప్‌టాపులు తెరుస్తున్నారు.

ఇప్పుడు

శ్రీనివాస్ గారు ఆ మధ్యాహ్నమే తన పాత బ్యాచ్‌లన్నిటికీ మెసేజ్ పెట్టారు. తనకు నేర్పినవాళ్లకూ ఫోను చేశారు. చెప్పడానికి ఆయన సిగ్గుపడలేదు. అందుకు ఆయనకు దండం పెడతాను. నేను రోజూ పొద్దున అక్కడికి పోయి కూర్చుంటున్నాను. జవాబులు వస్తున్నాయి. ఎక్కువమంది నీళ్లకు, డీజిల్‌కు వాడారు. ఆ ట్యాంకులకు భయం లేదు. బరువు ద్రవాలకు వాడినవాళ్లు ఇప్పటిదాకా ముగ్గురు తేలారు. ముగ్గురూ లెవెల్ దించారు. ఇంకా జవాబు రానివాళ్ల పేర్లు గోడ మీద రాసి ఉన్నాయి. ఆ జాబితా చిన్నదేమీ కాదు. వాళ్లు మరెవరెవరికి ఇచ్చారో ఆ గోడ మీద లేదు.

మొయిన్ సాబ్ పోయి చాలా ఏళ్లయింది. ఆయనకు ఇది చెప్పాల్సిన అవసరం రానందుకు ఊరట కలిగింది. వెంటనే ఆ ఊరట మీద రోత పుట్టింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు సలహాలు చాలామంది ఇస్తారు. నేను ఒక్క పని చెప్తాను, ఈ పుస్తకం పక్కన పెట్టి ఇప్పుడే చెయ్యండి. మీ దగ్గరున్న ట్యాంకు షీటు తెరవండి. పసుపు రంగు గడులు, ఎడమవైపు బొమ్మ, అడుగున వి.ఎం. ఉంటే అది నాది. లేకపోయినా సరే, పరీక్షించండి. సాంద్రత దగ్గర మూడు అని కొట్టండి. మందం పెరగకపోతే ఆ షీటుతో కట్టిన ట్యాంకు ఎక్కడుందో కనుక్కోండి, ఏం పోస్తున్నారో అడగండి. నీళ్లకంటే బరువైనదైతే పొయ్యడం ఆపించండి, దాని నీడలో కూర్చున్నవాళ్లను లేపండి. తప్పు ఎవరిదని అడిగితే నా పేరు చెప్పండి.